ఇంగ్లండ్ పల్లెలో ఇల్లు తీసుకునే ముందు: పోలీస్ డాట్ యూకే క్రైమ్ మ్యాప్, నైబర్‌హుడ్ వాచ్, 101 ఎంతవరకు పనికొస్తాయి

ఇంగ్లండ్‌లో చిన్న పల్లెలో ఇల్లు కొనాలన్నా, అద్దెకు దిగాలన్నా చాలామంది ముందు చేసే పని పోస్ట్‌కోడ్ కొట్టి అక్కడ నేరాలెలా ఉన్నాయో చూడటం. ఆ సమాచారం వచ్చేది పోలీసుల అధికారిక సైట్ పోలీస్ డాట్ యూకే నుంచే. ఇళ్ల అమ్మకం సైట్లయినా, ఊళ్లకి భద్రత మార్కులు వేసే సైట్లయినా ఇదే డేటా తీసుకుని తమ రంగులు అద్ది చూపిస్తాయి. సర్వీసు ఉచితం, లాగిన్ అక్కర్లేదు. పట్టణం కోసం చూసేవాళ్లయితే ఐదుకి నాలుగున్నర ధైర్యంగా ఇవ్వొచ్చు. ఐదారు వందల మంది ఉండే పల్లెకి మాత్రం మూడే. ఆ మూడు కూడా మ్యాప్ మీది అంకె చూసి నిర్ణయానికి రాకుండా, దాని వెనకున్న వరుసలన్నీ చదివే ఓపిక ఉన్నవాళ్లకి.

వీధి స్థాయి మ్యాప్ 2011లో మొదలైంది. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకి పనిచేస్తుంది, స్కాట్లండ్‌ దీంట్లో లేదు. నెలకోసారి కొత్త డేటా వస్తుంది, సుమారు రెండు నెలలు ఆలస్యంగా. అంటే గత వారం పక్కింట్లో దొంగలు పడ్డారా అన్న ప్రశ్నకి దీని దగ్గర జవాబు దొరకదు. కొన్ని పోలీసు విభాగాల డేటాలో ఖాళీలు కూడా ఉంటాయి. గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు 2019లో కంప్యూటర్ వ్యవస్థ మార్చుకున్నాక ఆ ప్రాంతం నేరాల వివరాలు చాలాకాలం రాలేదు. అలాంటి చోట మ్యాప్ ఖాళీగా కనబడితే అక్కడ నేరాలు లేవని అర్థం కాదు. కాబట్టి ముందు చుట్టుపక్కల పట్టణాలకి కూడా ఆ నెలలో అంకెలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పిన్ను పడిన చోటు, నేరం జరిగిన చోటు

పల్లె విషయంలో అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి. బాధితుల ఇల్లు బయటపడకూడదని మ్యాప్‌లో అసలు చోటు చూపించరు. ముందే తయారుచేసి పెట్టుకున్న ఏడున్నర లక్షలకు పైగా బిందువుల జాబితా ఒకటి ఉంది. ఒక్కో బిందువు ఒక వీధి మధ్యభాగమో, లేకపోతే పార్కు, పెట్రోలు బంకు, సూపర్‌మార్కెట్, కార్ పార్కింగ్ లాంటి పబ్లిక్ చోటో అయి ఉంటుంది. ఆ బిందువు పరిధిలో కనీసం ఎనిమిది చిరునామాలుండాలి, లేదంటే ఒక్కటి కూడా ఉండకూడదు. నేరం ఎక్కడ జరిగినా, జాబితాలో దానికి అన్నింటికన్నా దగ్గరున్న బిందువు మీదికి జరిపి అక్కడ చూపిస్తారు. 20 కిలోమీటర్ల లోపు ఏ బిందువూ లేకపోతే అక్షాంశ రేఖాంశాలు సున్నా అయిపోతాయి.

పట్టణంలో వీధికొకటి చొప్పున బిందువులుంటాయి కాబట్టి పిన్ను పక్క వీధికి జరిగినా పెద్ద తేడా రాదు. పల్లెలో లెక్క వేరు. ఊరి మధ్యలో నాలుగైదు బిందువులుంటాయి, బయట పొలాల మధ్య విసిరేసినట్టుండే ఫామ్‌హౌస్‌ల దగ్గర ఎనిమిది చిరునామాలు కలవవు కాబట్టి బిందువే ఉండకపోవచ్చు. అలాంటి ఫామ్‌లోంచి క్వాడ్ బైక్ (పొలాల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఎత్తుకుపోతే, ఆ నేరం కిలోమీటర్ల అవతలున్న ఊరి నడిమి వీధి పేరు మీద పడుతుంది. మ్యాప్ చూసినవాళ్లు చర్చి లేన్‌లో వాహనాల దొంగలున్నారని అనుకుంటారు. చర్చి లేన్‌లో ఉండేవాళ్లకి ఆ సంగతే తెలిసి ఉండదు.

డేటాలో ప్రతి చోటికీ ముందు ‘ఆన్ ఆర్ నియర్’ అని ఉండటానికి కారణం అదే. దాన్ని అక్షరాలా తీసుకోండి: ఆ వీధిలో గానీ, దానికి దగ్గర్లో గానీ. ఇల్లు చూసిన వీధి మీద మూడు బర్గ్లరీలు (లోపలికి చొరబడి చేసే దొంగతనాలు) కనబడితే వెంటనే ఆశ వదులుకోవద్దు, సున్నా కనబడితే నిశ్చింతగా ఉండొద్దు. ఆ బిందువు కిందికి ఎంత మేర భూమి వస్తుందో ఉపగ్రహ చిత్రంలో చూసుకోండి. చుట్టూ ఫామ్‌లు ఎక్కువుంటే ఆ అంకె ఊరిదీ పొలాలదీ కలిపిన అంకె.

వర్గాల పేర్లు చూసి భయపడకూడదు, మురిసిపోకూడదు

మ్యాప్‌లో నేరాలు 14 వర్గాలు. దాదాపు ప్రతి పల్లెలోనూ పైన కనిపించేవి ‘హింస, లైంగిక నేరాలు’ అన్న వర్గం, ‘యాంటీ సోషల్ బిహేవియర్’ అన్న వర్గం. మొదటిదాని పేరు చూడగానే పిల్లలున్న తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. కానీ ఆ వర్గంలో కత్తిపోట్ల నుంచి గాయం లేని తోపులాట దాకా అన్నీ ఉన్నాయి. వేధింపులు, వెంటపడటం, ఫోన్లో బెదిరింపు మెసేజీలు పెట్టడం కూడా అందులోకే వస్తాయి. గృహహింస ఫిర్యాదులు ఎక్కువగా పడేది కూడా ఈ వర్గంలోనే. ఇవి చిన్న విషయాలని కాదు, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకి చాలా పెద్దవి. కొత్తగా వచ్చేవాళ్లు వీధిలో నడిచేటప్పుడు ఎదురయ్యే ప్రమాదానికి మాత్రం ఆ అంకె కొలమానం కాదు. విడిపోయిన జంట మధ్య ఆరు నెలలు నడిచిన గొడవ ఒక్కటే ఐదారు నేరాలుగా నమోదు కావచ్చు. ఐదు వందల మంది ఊరి రికార్డు మొత్తాన్ని మార్చేయడానికి అది చాలు.

యాంటీ సోషల్ బిహేవియర్ అన్నది నేరాల లెక్కలోకి రాదు, పోలీసులకి వచ్చిన ఫిర్యాదుల లెక్క అది. డేటాలో దానికి క్రైమ్ ఐడీ ఉండదు, చివరికి ఏమైందో కూడా కనిపించదు. బస్ షెల్టర్ దగ్గర కుర్రాళ్ల అల్లరి, పొలం దారుల్లో ఆఫ్‌రోడ్ బైకుల రొద, పొరుగువాళ్లతో తగాదా అన్నీ అందులోనే.

బర్గ్లరీ అంకెకి మాత్రం ఎక్కువ విలువివ్వాలి. అయితే తోటలోని షెడ్డు, గరాజ్ పగలగొట్టినా మ్యాప్‌లో బర్గ్లరీగానే కనిపిస్తుంది. పల్లెల్లో షెడ్ల మీద పడే దొంగలెక్కువ. లాన్‌మోవర్, చెయిన్‌సా, సైకిళ్లు, పవర్ టూల్స్ వాళ్లకి కావాలి. గడియారాలు మార్చడంతో చీకటి గంట ముందే పడే అక్టోబర్ చివరి నుంచి మార్చి దాకా వచ్చే బర్గ్లరీలని విడిగా లెక్కపెట్టండి. ఆ ఐదారు నెలల్లో ఏటా పునరావృతమవుతుంటే అది యాదృచ్ఛికం అనుకోలేం, ఆ ఊరి మీదుగా పెద్ద రోడ్డు పోతోందేమో చూడాలి. పల్లెల్లో దొంగతనాలకి వచ్చేవాళ్లలో బయటివాళ్లుంటారు. కారులో వచ్చి పది నిమిషాల్లో మోటార్‌వే ఎక్కగలిగే ఊళ్లు వాళ్లకి అనుకూలం.

‘వాహన నేరాలు’ వర్గంలో కార్ల దొంగతనమూ, కారు అద్దం పగలగొట్టి బ్యాగు తీసుకెళ్లడమూ కలిసే ఉంటాయి. ఊరి పక్కన నడకదారి మొదలయ్యే చోట కార్ పార్కింగ్ ఉంటే ఆ అంకెలో ఎక్కువ భాగం దాని ఖాతాలోదే. చోటు దగ్గర ‘పార్కింగ్ ఏరియా’ అని రాసి ఉంటే విషయం తేలిపోతుంది.

శాతాల మాయ

ఆరు వందల మంది ఊరు ఒకటి అనుకుందాం. కిందటేడు ఆరు నేరాలు, ఈ ఏడు పన్నెండు. వెయ్యి మందికి రేటు లెక్క కడితే పది ఉన్నది ఇరవై అయింది. మార్కులు వేసే సైట్ దీన్ని ‘నేరాలు 100 శాతం పెరిగాయి’ అని ఎర్ర రంగులో చూపిస్తుంది. పెరిగింది ఆరు సంఘటనలు. అవన్నీ ఒకే రాత్రి ఒకే పార్కింగ్‌లో పగిలిన ఆరు కారు అద్దాలు కావచ్చు. ఇంత చిన్న అంకెల మీద ఏడాదికేడాది పోలిక పనికిరాదు. కనీసం మూడేళ్లు కలిపి చూడాలి.

హారంలో కూడా తిరకాసుంది. వెయ్యి మందికి అన్నప్పుడు లెక్కలోకి వచ్చేది అక్కడ నివసించేవాళ్లే. వారాంతంలో పబ్‌కి వచ్చే వందమంది, కొండ ఎక్కడానికి వచ్చేవాళ్లు ఆ హారంలో ఉండరు, వాళ్లకి జరిగిన నేరాలు మాత్రం పైన లవంలో చేరతాయి. అందమైన పల్లె అంకెల్లో చెడ్డగా కనిపించడానికి ఒక్కోసారి దాని అందమే కారణం.

ఇంకోటి, గణాంకాల కోసం దేశాన్ని ఎల్‌ఎస్‌ఓఏ అనే చిన్న ముక్కలుగా విడగొట్టారు. ఒక్కో దాంట్లో 1,000 నుంచి 3,000 దాకా జనం, లేదా 400 నుంచి 1,200 ఇళ్లు. ఆరు వందల మంది పల్లెకి సొంత ముక్క దొరకదు. రెండు మూడు పల్లెలు కలిసి ఒక ముక్కలో ఉంటాయి, ఒక్కోసారి పక్క పట్టణం చివరి కాలనీ కూడా అందులోకి వచ్చేస్తుంది. ర్యాంకింగ్ సైట్లు ఈ ముక్కకో, ఇంకా పెద్దదైన వార్డుకో వేసిన మార్కునే ఊరి మార్కుగా చూపిస్తే అది మీరు చూస్తున్న ఊరిది కాదు. ఆ సైట్ల మీద ఆధారపడి ఇల్లు వదులుకోవడం, ఒప్పుకోవడం రెండూ తప్పే. వాటికి ఐదుకి ఒకటి.

సరిగ్గా చదవాలంటే

మ్యాప్ పక్కన పెట్టి, డేటా డాట్ పోలీస్ డాట్ యూకేకి వెళ్లండి. అక్కడ కస్టమ్ డౌన్‌లోడ్‌లో మూడేళ్ల తేదీలు, ఆ కౌంటీ పోలీసు విభాగం ఎంచుకుని, నేరాల డేటా పెట్టె టిక్ చేస్తే జిప్ ఫైల్ తయారవుతుంది. విప్పితే నెలకో ఫోల్డర్, అందులో సీఎస్‌వీ ఫైల్. ముప్పై ఆరు ఫైళ్లని ఎక్సెల్‌లో ఒకదాని కింద ఒకటి చేర్చి ఎల్‌ఎస్‌ఓఏ కోడ్‌తో వడకట్టండి. తర్వాత చోటు కాలమ్‌లో ఆ ఊరి వీధి పేర్లని ఉంచుకుని మిగతావి తీసేయండి. వీధి పేరు ఒక్కదానితోనే వడకడితే దెబ్బతింటారు. చర్చ్ లేన్, హై స్ట్రీట్, మిల్ లేన్ లేని ఊరు ఇంగ్లండ్‌లో వెతికితే గానీ దొరకదు కాబట్టి ఎల్‌ఎస్‌ఓఏ కోడ్, వీధి రెండూ కలవాలి.

ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకి ఏపీఐ ఉంది, కీ అవసరం లేదు. అక్షాంశ రేఖాంశాలు, నెల ఇస్తే ఆ బిందువు చుట్టూ ఒక మైలు పరిధిలోని నేరాలన్నీ వస్తాయి. పల్లెకి ఈ మైలు వృత్తం అంత మంచిది కాదు, పక్క ఊరిని కూడా లాగేస్తుంది. బహుభుజి పద్ధతిలో ఊరి హద్దు బిందువులు మీరే ఇస్తే సరిపోతుంది. సెకనుకి 15 అభ్యర్థనలు దాటితే ఆపేస్తుంది, ముప్పై ఆరు నెలలకి ఆ పరిమితి అడ్డం రాదు.

వడకట్టాక మిగిలేవి చాలా పల్లెలకి ఒకటి రెండు పేజీల వరుసలే. వాటిని ఒక్కొక్కటిగా చదవండి. ఒకే బిందువు మీద ఒకే వర్గం నెల తర్వాత నెల వస్తోందా? షాపులో దొంగతనాలైతే ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కో-ఆప్ దుకాణం సంగతి అది, ఇళ్లకి సంబంధం లేదు. చివరి ఫలితం కాలమ్‌లో దొంగతనాల పక్కన ఎక్కువగా కనిపించేది ‘దర్యాప్తు పూర్తి, అనుమానితులెవరో తేలలేదు’ అన్న వాక్యం. దాన్ని చూసి ఆ ఊరి పోలీసులు పనిచేయడం లేదని తీర్పివ్వొద్దు, దేశమంతా అంతే. దొంగ దొరకడం మీద ఆశ పెట్టుకోవడం కన్నా దొంగ రాకుండా చూసుకోవడం మీద డబ్బు పెట్టాలని మాత్రం అది చెబుతోంది.

మ్యాప్‌లో లేనివి

పల్లెవాళ్లని నిజంగా విసిగించే చాలా సంగతులు ఈ మ్యాప్‌లోకి రావు. ఆన్‌లైన్, ఫోన్ మోసాలు రావు, వాటి ఫిర్యాదులు జాతీయ కేంద్రానికి వెళ్తాయి. పొలం గట్టున రాత్రికి రాత్రి పాత సోఫాలు, కూల్చిన గోడల చెత్త పారేసి పోవడం స్థానిక కౌన్సిల్ చూసే విషయం, పోలీసుల లెక్కలోది కాదు. అది ప్రైవేటు భూమిలో పడితే ఎత్తించే ఖర్చు భూమి యజమానిదే, కాబట్టి కొనబోయే ఇంటికి పక్కన మట్టిదారో, గేటు లేని పొలమో ఉంటే అది స్వయంగా వెళ్లి చూసుకోవాల్సిందే. వేగంగా పోయే కార్లు మ్యాప్‌లో లేవు. కుందేళ్ల వెంట కుక్కల్ని వదిలే ముఠాలకి కూడా విడిగా వర్గం లేదు. గొర్రెల దొంగతనం, ట్రాక్టర్ జీపీఎస్ తెరల దొంగతనం లాంటివి ఏ పెట్టెలో పడ్డాయో పేరు చూసి చెప్పలేం. ఈ గ్రామీణ నేరాల నష్టం అంచనా కావాలంటే ఎన్ఎఫ్‌యూ మ్యూచువల్ బీమా సంస్థ ఏటా వేసే నివేదిక మేలు. 2023కి వాళ్లు వేసిన అంచనా 5.28 కోట్ల పౌండ్లు. అది కూడా దేశం మొత్తానిదే, ఊరి స్థాయికి దిగదు.

హీటింగ్ ఆయిల్ (ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌కి వాడే ఇంధనం) సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పట్టణంలో గ్యాస్ పైపుకి అలవాటుపడి వచ్చినవాళ్లకి దీని మీద ధ్యాస ఉండదు. గ్యాస్ లైన్ లేని పల్లెల్లో ఇంటి వెనక ప్లాస్టిక్ ట్యాంక్ ఉంటుంది, చాలా ఇళ్లలో వెయ్యి లీటర్ల పైనే పడుతుంది. అందులో కిరోసిన్. దొంగ పైనున్న మూత తీసి పంపుతో తోడుకుపోతాడు, మూతకి తాళముంటే కింద పైపు కోస్తాడు, లేదా ట్యాంక్‌కే రంధ్రం పెడతాడు. మూడో పద్ధతిలో పోయిన ఆయిల్ ఖరీదు కన్నా మట్టిలో ఇంకిన ఆయిల్ శుభ్రం చేయించే ఖర్చు ఎన్నో రెట్లు. భూమిలోకి, కాలవలోకి ఆయిల్ పోతే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 24 గంటల నంబర్ 0800 80 70 60కి చెప్పాలి. బీమా పాలసీలో ఆయిల్ దొంగతనమే కాక, కారిన ఆయిల్ శుభ్రం చేసే ఖర్చు కూడా ఉందో లేదో చదివి చూసుకోండి. ట్యాంక్ మట్టం హఠాత్తుగా పడితే ఇంట్లో మోగే గేజ్ అలారం పెట్టించుకోవాలి. ట్యాంక్ రోడ్డు నుంచి కనబడకూడదు, వంటింటి కిటికీలోంచి మాత్రం కనబడాలి. రోడ్డు వైపు పైరకాంత లాంటి ముళ్ల పొద వేస్తే కంచె కన్నా గట్టిగా పనిచేస్తుంది. ఆయిల్ పోయాక బాయిలర్ నడుస్తూనే ఉంటే అడుగున ఉన్న మడ్డి, గాలి పైపులోకి వెళ్లి ఆగిపోతుంది. కాబట్టి మట్టం పడిందని తెలియగానే బాయిలర్ ఆపేయండి, నింపించాక కూడా ముందు పైపులో గాలి తీయించాలి.

నైబర్‌హుడ్ వాచ్

బ్రిటన్‌లో ఈ పద్ధతి, అంటే ఊరివాళ్లే ఒకరి ఇళ్ల మీద ఒకరు కన్నేసి ఉంచి అనుమానం వస్తే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి, పుట్టింది పల్లెలోనే, 1982లో చెషైర్‌లోని మాలింగ్‌టన్‌లో. చేరడం ఉచితం. కానీ ఇది ఊరినిబట్టి ఐదుకి ఐదు నుంచి సున్నా దాకా మారే సర్వీసు. వీధి స్తంభానికి పసుపు బోర్డు ఉన్నంత మాత్రాన స్కీమ్ బతికి ఉన్నట్టు కాదు, రంగు వెలిసిన బోర్డులు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. పరీక్షించే మార్గం తేలిక. జాతీయ సంస్థ సైట్‌లో పోస్ట్‌కోడ్ ఇచ్చి స్కీమ్ ఉందో లేదో చూడండి, ఉంటే సమన్వయకర్తకి మెసేజ్ పెట్టండి, జవాబు వచ్చిందా లేదా అన్నదే ఫలితం. ఆ తర్వాత వచ్చే హెచ్చరికలు గమనించండి. దేశవ్యాప్త మోసాల ప్రకటనలే వస్తుంటే స్థానికంగా ఎవరూ పనిచేయడం లేదు. ఊళ్లో తిరిగిన వ్యాన్ పేరు, రంగు, వచ్చిన సమయం, పోయిన దారి రాసి పంపేవాళ్లుంటే ఆ స్కీమ్ గట్టిది.

చాలా ఊళ్లలో అసలు నడిచేది వాట్సాప్ గ్రూపు. దీంట్లో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ‘అనుమానాస్పదంగా ఉన్న మనిషి’ అంటూ పార్సిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్ల ఫొటో పెట్టే గ్రూపుల్ని చూస్తాం. తెల్లగా లేనివాళ్లకి ఇది ఎక్కువ జరుగుతుంది, దాన్ని భరించాల్సిన అవసరం ఎవరికీ లేదు. మంచి గ్రూపుకి ఒక నియమం ఉంటుంది: మనిషి ఎలా ఉన్నాడో కాదు, ఏం చేస్తున్నాడో రాయాలి. ఎన్నింటికి, ఎక్కడ, ఏ వాహనం, ఏ నంబర్, ఏ తలుపు హ్యాండిల్ లాగి చూశాడు. నంబర్ ప్లేట్, ఫొటో గ్రూపులో పెట్టకుండా పోలీసులకి పంపాలి. డోర్‌బెల్ కెమెరా మీ హద్దు దాటి రోడ్డునో, పక్కింటి తోటనో పట్టుకుంటుంటే డేటా రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది. రికార్డు అవుతోందని బోర్డు పెట్టాలి, అందులో కనబడినవాళ్లు తమ దృశ్యం అడిగితే నెలలోపు ఇవ్వాలి. ప్రైవసీ జోన్ సెట్ చేసి పక్కింటి వైపు నల్లగా కప్పేస్తే సగం గొడవలు రావు.

వేగం సమస్య ఉన్న ఊళ్లకి కమ్యూనిటీ స్పీడ్‌వాచ్ ఉంది. పోలీసులు శిక్షణ ఇచ్చి, నిలబడే చోటు ఆమోదించాకే వాలంటీర్లు రోడ్డు పక్క పరికరంతో నిలబడతారు. మామూలుగా 30 మైళ్ల జోన్‌లో 35 నుంచి రాసుకుంటారు. వాహన యజమానికి పోలీసుల నుంచి హెచ్చరిక లేఖ వెళ్తుంది, జరిమానా ఉండదు. కార్లు నెమ్మదిస్తాయి, కానీ వాలంటీర్లు నిలబడిన గంటలోనే. ఆ లెక్కలు పోగైతే కౌన్సిల్ ముందు పెట్టడానికి ఆధారం దొరుకుతుంది. దీని అసలు ఉపయోగం అదే.

999, 101, నైబర్‌హుడ్ టీమ్

దొంగ ఇంకా అక్కడే ఉన్నా, ఎవరికైనా ప్రమాదం ఉన్నా అత్యవసర నంబర్ 999. పక్క ఫామ్‌లో అర్ధరాత్రి క్వాడ్ బైక్ ట్రెయిలర్‌లోకి ఎక్కిస్తుంటే అది 999 విషయమే, ‘పొద్దున్నే చెబుదాం’ అనుకోవద్దు. మాట్లాడలేని స్థితిలో మొబైల్ నుంచి 999 చేస్తే, అడిగినప్పుడు 55 నొక్కాలి. నొక్కినంత మాత్రాన మీరెక్కడున్నారో పోలీసులకి తెలిసిపోదు, కాల్ పోలీసులకి చేరడానికే అది. పల్లెలో ఇళ్లకి నంబర్ బదులు పేర్లే ఉంటాయి కాబట్టి వాట్‌త్రీవర్డ్స్ యాప్ మీ చోటికి ఇచ్చే మూడు పదాలో, మ్యాప్ గ్రిడ్ నంబరో ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

జరిగిపోయిన నేరానికి 101, అది అత్యవసరం కాని విషయాలకి పోలీసుల నంబర్. 2020 ఏప్రిల్ నుంచి ఈ కాల్ ఉచితం. దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఎదురుచూపు. రద్దీ వేళ కాల్ అందుకునేసరికి ఓపిక పోతుంది. ఆ కౌంటీ పోలీసుల సైట్‌లో ఆన్‌లైన్ ఫారం నింపడం చాలావరకు నయం. ఎలా చెప్పినా క్రైమ్ రిఫరెన్స్ నంబర్ తీసుకోండి, బీమా సంస్థ అడిగే మొదటి కాగితం అదే. చిన్న నేరమని చెప్పకుండా వదిలేస్తే మ్యాప్‌లో పడదు, పడని చోటికి గస్తీ రాదు. పేరు చెప్పడానికి భయపడేవాళ్లకి క్రైమ్‌స్టాపర్స్ 0800 555 111 ఉంది. అది పోలీసు విభాగం కాదు, స్వతంత్ర స్వచ్ఛంద సంస్థ, ఫోన్ చేసినవాళ్ల వివరాలు అడగరు.

పోలీస్ డాట్ యూకేలోనే పోస్ట్‌కోడ్‌తో నైబర్‌హుడ్ టీమ్ (ఆ ప్రాంతం చూసే పోలీసుల బృందం) పేజీ తెరుచుకుంటుంది. క్రైమ్ మ్యాప్ కన్నా పల్లెకి ఈ పేజీయే విలువైనది, చాలామంది దీన్ని తెరవరు. 2025లో ప్రభుత్వం ప్రతి ప్రాంతానికీ పేరుతో సహా ఒక అధికారిని కేటాయిస్తామని, వాళ్లకి రాసిన ప్రశ్నకి 72 గంటల్లో జవాబు వస్తుందని హామీ ఇచ్చింది. ఇల్లు ఖాయం చేసుకునే ముందే ఒక ఈమెయిల్ పెట్టండి: గత ఏడాదిలో ఈ ఊరి నుంచి ఎక్కువగా వచ్చిన ఫిర్యాదులేంటి, ఇప్పుడు మీ ప్రాధాన్యాలేంటి అని. జవాబు ఎంత త్వరగా, ఎంత వివరంగా వచ్చిందన్నది కూడా ఒక సమాచారమే. పీసీఎస్‌ఓలంటే కమ్యూనిటీ సపోర్ట్ అధికారులు, వాళ్లకి అరెస్టు చేసే అధికారం ఉండదు, కానీ ఊరి గుట్టు బాగా తెలిసింది వాళ్లకే.

అంతకన్నా లోతుగా కావాలంటే పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) సమావేశాల మినిట్స్ చదవండి. సైట్‌లో పెడతారు, పెట్టకపోతే క్లర్క్‌కి రాస్తే పంపుతారు. రెండేళ్ల మినిట్స్‌లో పబ్ దగ్గర గొడవలు, ఆట స్థలంలో పగలగొట్టిన ఊయలలు, వేగం ఫిర్యాదులు, చెత్త పారేసిన చోట్లు మ్యాప్‌లో దొరకని వివరంతో ఉంటాయి. మీటింగ్‌కి మూడు పూర్తి రోజుల ముందు ఎజెండా అతికించాలన్నది చట్టం. మార్చి 1 నుంచి జూన్ 1 లోపు జరిగే వార్షిక పారిష్ సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కొనేవాళ్లయితే అమ్మేవాళ్లు నింపే టీఏ6 ఫారంలో పొరుగువాళ్లతో తగాదాల ప్రశ్నకి ఏం రాశారో సొలిసిటర్‌తో కలిసి చూడండి.

ఇంటికి దిగాక ఖర్చు పెట్టాల్సిన క్రమం గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ తలుపులైతే సిలిండర్ తాళం విరగ్గొట్టి లోపలికి రావడం తేలిక, టీఎస్ 007 మూడు నక్షత్రాల సిలిండర్ వేయించండి. పాత చెక్క తలుపులకి బీఎస్ 3621 ఐదు లీవర్ల తాళం. ఈ ప్రమాణం లేకపోతే కొన్ని బీమా సంస్థలు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతాయి. బంగారం ఉన్న ఇళ్లకి దీపావళి ముందు పోలీసులే ప్రత్యేకంగా హెచ్చరికలిస్తుంటారు. నగలు పాలసీలో ఒక్కో వస్తువు పరిమితి దాటితే విడిగా రాయించాలి, ఫొటోలూ రసీదులూ ఇంటి బయట ఇంకోచోట ఉండాలి.

ఒకే గొడవ మీద మళ్లీ మళ్లీ ఫిర్యాదు చేసినా కదలిక లేకపోతే ‘ఏఎస్‌బీ (యాంటీ సోషల్ బిహేవియర్) కేస్ రివ్యూ’ అడిగే హక్కు 2014 చట్టం ఇచ్చింది. చాలాచోట్ల ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులుంటే చాలు. కౌన్సిల్, పోలీసులు, అవసరమైతే హౌసింగ్ సంస్థ కలిసి కూర్చుని ఫైలు చూడాల్సి వస్తుంది. అందుకే ప్రతి ఫిర్యాదుకీ తేదీ, రిఫరెన్స్ నంబర్, మాట్లాడినవాళ్ల పేరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. అవి లేకపోతే మూడు ఫిర్యాదులు చేశారని నిరూపించడం దగ్గరే పని ఆగిపోతుంది.